కాలేజీ అమ్మాయిల బీచ్ వాలీబాల్: ఆటకి అయిదు, ఏర్పాట్లకి రెండున్నర

ముందే తీర్పు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. అమెరికాలో కాలేజీ అమ్మాయిల బీచ్ వాలీబాల్‌కి ఆట పరంగా నేనిచ్చే మార్కులు అయిదుకి అయిదు, చూడ్డానికి వచ్చినవాళ్లకి చేసిన ఏర్పాట్లకి అయిదుకి రెండున్నర, అది కూడా ఇవాళ మూడ్ బాగుంది కాబట్టి. ఈ రెండిటికీ మధ్య అంత తేడా ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ రివ్యూ. ఆట పెరిగిపోయింది, టీములు పెరిగిపోయాయి, ఆడే పిల్లల లెవెల్ అయితే ఒలింపిక్స్ దాకా వెళ్లిపోయింది, కానీ గట్టు మీద కూర్చుని చూసే మనల్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మా అమ్మాయి క్లబ్‌లో ఇండోర్ వాలీబాల్ ఆడుతుంది, దానివల్ల నాకు ఇండోర్ ఆట బాగానే అలవాటు. బీచ్ అంటే నాకు మొదట్లో పెద్ద నమ్మకం లేదు, ఇద్దరేసి అమ్మాయిలు ఇసుకలో పరిగెత్తడం, మ్యూజిక్, కూలింగ్ గ్లాసులు, అంతే కదా అనుకునేదాన్ని. కాలేజీ బీచ్ వాలీబాల్ అంటే అది కాదండి. ఇది పక్కా టీమ్ గేమ్, మనకి టీవీలో ఒలింపిక్స్‌లో కనిపించే దానికీ దీనికీ చాలా తేడా ఉంది, అక్కడే దీని మజా అంతా.

ఎలాగంటే, ఒక కాలేజీ మీద ఇంకో కాలేజీ ఆడినప్పుడు రెండు వైపుల నుంచీ అయిదేసి జోడీలు దిగుతాయి. వీళ్ల ఒకటో నంబర్ జోడీ వాళ్ల ఒకటో నంబర్ జోడీతో, రెండు రెండుతో, అలా అయిదో నంబర్ దాకా. ఒక్కో మ్యాచ్ బెస్ట్ ఆఫ్ త్రీ, మొదటి రెండు సెట్లు 21 పాయింట్లకి, మూడోది పడితే 15కి, ఎక్కడైనా రెండు పాయింట్ల తేడా ఉండాల్సిందే. ఒక్కో జోడీ గెలిస్తే కాలేజీకి ఒక పాయింట్, మూడు పాయింట్లు ముందు ఎవరు కొడితే వాళ్లదే గెలుపు. జోడీల్ని కోచ్ బలాన్ని బట్టి వరసగానే పెట్టాలి, మన బెస్ట్ జోడీని తీసుకెళ్లి నాలుగో నంబర్‌లో దాచేసి ఒక పాయింట్ ఈజీగా కొట్టేద్దాం అంటే రూల్స్ ఒప్పుకోవు.

ఈ ఒక్క ఏర్పాటు వల్ల ఆట స్వరూపమే మారిపోయింది. ఒకటో కోర్టులో స్టార్ ప్లేయర్ ఎంత ఇరగదీసినా ఆమె తెచ్చేది ఒక్క పాయింటే, అయిదో కోర్టులో ఎవరికీ పేరు తెలియని ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) పిల్లలు తెచ్చేది కూడా అదే ఒక్క పాయింట్. స్కోర్ రెండు రెండు అయ్యి ఇంకా ఒక్క కోర్టులోనే ఆట నడుస్తోంది అనుకోండి, మిగతా నాలుగు కోర్టుల వాళ్లూ ఒళ్లంతా ఇసుకతో పరిగెత్తుకుంటూ వచ్చి ఆ ఒక్క కోర్టు చుట్టూ నిలబడిపోతారు, రెండు కాలేజీల పిల్లలూ గొంతులు చించుకుంటుంటే మధ్యలో నలుగురు అమ్మాయిలు ఆడుతుంటారు. క్రికెట్ లాస్ట్ ఓవర్ టెన్షన్ అంటారే, అది ప్రతి బంతికీ ఉంటుంది ఇక్కడ. నేనైతే ఏ కాలేజీకీ చెందినదాన్ని కాదు, అయినా కూర్చోలేకపోయాను.

చాలా చోట్ల అయిదు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. కోర్టులు తక్కువ ఉన్న కాలేజీల్లో రెండు విడతలుగా ఆడిస్తారు. ఒకేసారి అయిదు నడుస్తుంటే దేన్ని చూడాలో తెలియదు మొదట, ఇటు ఒక కేక వినపడితే తల అటు తిప్పేలోపు ఇక్కడ నేలకి తగలబోయే బంతిని లేపే ఒక అద్భుతమైన డిగ్ మిస్ అయిపోతాం. కొంచెం అలవాటయ్యాక ఇదే బాగుంటుంది. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ, దాని నేషనల్ చాంపియన్‌షిప్‌లో ఇంకో విచిత్రం ఉంది, ఎవరైనా మూడో పాయింట్ కొట్టేశారంటే మిగతా కోర్టుల్లో ఆట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పక్క కోర్టులో మూడో సెట్ 13-13 దగ్గర ఉన్నా సరే, సర్వ్ చేయబోతున్న బంతి చేతిలోనే ఉండిపోయినా సరే, అంతే, అయిపోయింది. ఆ మ్యాచ్ ఎవరి ఖాతాలోకీ పోదు, పూర్తి కాలేదని రాసుకుంటారు. చూసేవాడికి కాస్త అన్యాయంగా అనిపిస్తుంది గానీ టీమ్ గేమ్ అంటే ఇదే కదా మరి.

ఇండోర్ చూసి వచ్చినవాళ్లకి కొన్ని విషయాలు వింతగా అనిపిస్తాయి, అవి ముందే తెలిస్తే చూడ్డం సుఖం. కోర్టు చిన్నది, ఇండోర్‌లో ఒక్కో వైపు 9 మీటర్లు ఉంటే ఇక్కడ 8, అంటే మొత్తం 16 మీటర్లు పొడవు, 8 వెడల్పు. నెట్ ఎత్తు మాత్రం ఆడవాళ్లకి అక్కడా ఇక్కడా ఒకటే, 2.24 మీటర్లు. చిన్న కోర్టే కదా అనుకోకండి, ఆ 8 బై 8 చదరాన్ని ఇద్దరే కాపాడాలి, అదీ కాలు దిగబడే ఇసుకలో. బంతి ఇండోర్ బంతి కంటే ఒక పిసరు పెద్దది, గాలి బాగా తక్కువ కొడతారు, అందుకే మెత్తగా ఉంటుంది, గాలికి తేలుతుంది. ఇండోర్‌లో చూస్తాం కదా, స్పైక్ కొట్టేలా ఎగిరి చివర్లో వేళ్లతో మెల్లగా తోసేయడం, అది ఇక్కడ ఫౌల్. అలా తోయాలంటే వేళ్లు మడిచి కణుపులతో కొట్టాలి. బ్లాక్‌లో చేతికి తగిలిన బంతి కూడా మూడు టచ్‌లలో ఒకటిగా లెక్కేస్తారు, అంటే బ్లాక్ చేసిన తర్వాత ఇంక రెండే మిగులుతాయి. ప్రతి 7 పాయింట్లకీ వైపులు మారతారు, మూడో సెట్‌లో 5కే మారతారు, ఎందుకంటే ఎండా గాలీ ఒకే టీమ్ మీద పడకూడదు.

ఆ గాలి విషయం టీవీలో చూస్తే అస్సలు అర్థం కాదు. నేరుగా చూస్తే తెలుస్తుంది, ఎదురుగాలి ఉన్న వైపు నుంచి సర్వ్ చేసేటప్పుడు అమ్మాయిలు గట్టిగా కొడతారు, ఎదురుగాలికి బంతి టక్కున కిందకి దిగిపోతుంది, అవతలి వైపు ఉన్నవాళ్లేమో అదే బలంతో కొడితే అవుట్ వెళ్లిపోతుందని ఆచితూచి కొడతారు. వైపు మారినప్పుడల్లా ఆట ప్లానే మారిపోతుంది. నా పక్కన కూర్చున్న ఒకాయన, ఎవరి తాతగారో మరి, ప్రతి సైడ్ చేంజ్‌కీ ఇంక చూడండి ఇప్పుడు వీళ్లు నాలుగు పాయింట్లు లాగుతారు అని చెప్పడం, చెప్పినట్టే జరగడం. ఆయన కామెంటరీకి నేను టికెట్ కొనేదాన్ని.

ఇంకోటి, జోడీలో సబ్‌స్టిట్యూషన్ అంటూ ఉండదు. ఇండోర్‌లో ఒక పాసర్ మీద ఒత్తిడి పడితే కోచ్ ఆమెని తీసేసి ఇంకొకర్ని దింపుతాడు, ఇక్కడ ఇద్దరిలో ఎవరు కాస్త డౌన్‌గా ఉన్నారో కనిపెట్టి అవతలివాళ్లు ప్రతి సర్వూ ఆమె మీదకే కొడతారు, కొట్టి కొట్టి చంపేస్తారు, ఆమె ఎక్కడికీ పోలేదు, తనంతట తనే బయటపడాలి లేదా పక్కనున్న అమ్మాయి ఏదో ఒకటి చెప్పి నిలబెట్టాలి. కాలేజీ ఆటలో కోచింగ్‌కి అవకాశం ఉంది గానీ అయిదు కోర్టులకీ ఒకేసారి కోచ్ ఎక్కడ సరిపోతాడు, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు అటూ ఇటూ తిరుగుతుంటారు. పంతొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లలు చాలా నిర్ణయాలు వాళ్లకి వాళ్లే తీసుకుంటుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మా అమ్మాయి ఇండోర్‌లో ప్రతి రెండు పాయింట్లకీ బెంచి వైపు చూస్తుంది, ఇది చూసొచ్చాక ఆ అలవాటు నాకు ఇంకా ఎక్కువ కనపడుతోంది.

సరే, ఇంత బాగున్న ఆట మొన్నమొన్నటి దాకా కాలేజీల్లో లేదు, కొత్తగా వచ్చిందే. ఆడవాళ్ల ఆటల్ని పెంచడానికి ఎన్‌సీఏఏ ఒక లిస్ట్ పెట్టింది, ఎమర్జింగ్ స్పోర్ట్స్ అంటారు, ఆ లిస్ట్‌లో ఉన్న ఆటని 40 కాలేజీలు ఆడటం మొదలుపెడితే దానికి సొంతంగా నేషనల్ చాంపియన్‌షిప్ పెట్టే దారి తెరుచుకుంటుంది. శాండ్ వాలీబాల్ అనే పేరుతో ఇది ఆ లిస్ట్‌లోకి వచ్చింది, 2012లో కాలేజీ సీజన్ మొదలైంది. అప్పట్లో ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ లేదు కాబట్టి వాలీబాల్ కోచ్‌ల సంఘమే అలబామాలోని గల్ఫ్ షోర్స్‌లో సొంతంగా నేషనల్స్ నడిపింది, మొదటిది పెప్పర్‌డైన్ గెలిచింది. నాలుగేళ్లు తిరిగేసరికి 40 దాటేసింది, 2015లో ఓటింగ్ అయింది, పేరు కూడా బీచ్ వాలీబాల్ అని మార్చారు, 2016 మేలో అదే గల్ఫ్ షోర్స్‌లో మొదటి ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్. ఇంత స్పీడ్‌గా ఆ లిస్ట్ దాటిన ఆట ఇంకోటి లేదంటారు. మొదట 8 టీములతో మొదలుపెట్టిన చాంపియన్‌షిప్‌ని 2022లో 16 టీములకి పెంచారు. కాలేజీల స్థాయిని బట్టి డివిజన్ వన్, టూ, త్రీ అని విడివిడిగా పెట్టకుండా అందరికీ కలిపి ఒక్కటే చాంపియన్‌షిప్, అది నాకు నచ్చింది.

స్పీడ్‌కి కారణం ఆట మీద ప్రేమ ఒక్కటే అనుకుంటే పొరపాటు, లెక్కలు కూడా ఉన్నాయి. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే కాలేజీలు ఆడపిల్లలకీ సమానంగా అవకాశాలు ఇవ్వాలి. ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లోనే వంద మందికి పైగా అబ్బాయిలు ఉంటారు, ఆ తూకం సరిచేయాలంటే అమ్మాయిల ఆటలు పెంచాలి. బీచ్ వాలీబాల్ అయితే పెద్ద స్టేడియం అక్కర్లేదు, నాలుగైదు కోర్టులకి ఇసుక పోయిస్తే చాలు, ఇండోర్ సీజన్ ఆకురాలే కాలంలో, బీచ్ సీజన్ ఫిబ్రవరి చివర నుంచి మే మొదటి దాకా, కాబట్టి ఇండోర్ టీమ్‌లో ఉన్న పిల్లలే ఇదీ ఆడొచ్చు. అలా రెండూ ఆడే అమ్మాయిని పార్టిసిపేషన్ లెక్కల్లో రెండు ఆటల్లోనూ లెక్కేసుకోవచ్చు. ఏ అథ్లెటిక్ డైరెక్టర్‌కి చేదు ఇది? కొంతమంది దీన్ని తప్పుగా చూస్తారు, లెక్కల కోసం పెట్టిన ఆట అని. నాకైతే ఆ అభ్యంతరం లేదు, ఏ కారణంతో ఇసుక పోయించినా ఆడేది మాత్రం నిజం ఆటే. కాకపోతే లెక్కల కోసం పెట్టినచోటా మనసుపెట్టి పెట్టినచోటా తేడా మాత్రం వెళ్లి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది, దాని గురించి కింద చెప్తా.

సముద్రం ఉన్నచోటే ఈ ఆట అనుకునేవాళ్లకి ఒకటి చెప్పాలి. 2016 నుంచి 2024 దాకా కప్పు లాస్ ఏంజెలెస్ దాటి బయటికి పోలేదు. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) 2016, 2017, మళ్లీ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు, మొత్తం ఆరు. యూసీఎల్ఏ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలెస్) 2018, 2019. మధ్యలో 2020 కోవిడ్ వల్ల జరగలేదు. రెండు కాలేజీల మధ్య ఇరవై కిలోమీటర్ల దూరం కూడా ఉండదేమో, ఊళ్లో వాళ్లే ఆడుకుని ఊళ్లో వాళ్లే కప్పు పంచుకున్నట్టు అయిపోయింది. 2025లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) ఆ వరస తెంపేసింది, అది ఎక్కడ ఉంటుందంటే టెక్సస్‌లో ఫోర్ట్ వర్త్, సముద్రానికి గంటల దూరం. ఫైనల్లో ఓడించింది కూడా లాస్ ఏంజెలెస్‌కే చెందిన లయోలా మేరీమౌంట్‌ని. టీసీయూ కోచ్ హెక్టర్ గుటియెరెజ్ చాలా ఏళ్లుగా యూరప్ నుంచి, అదీ ముఖ్యంగా స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చుకుంటున్నాడు, అక్కడ ఆడిన డానియెలా అల్వారెజ్, తానియా మొరెనో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ తరఫున ఆడారు. బీచ్ లేని ఊళ్లో బీచ్ చాంపియన్ అవ్వచ్చని తేలిపోయింది, ఇంక చూసుకోండి, పెద్ద పెద్ద స్టేట్ కాలేజీలన్నీ దిగుతున్నాయి, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ కూడా మొదలెట్టేసింది.

ఇప్పుడు ప్లేయర్ల సంగతి, నాకు దీంట్లో అన్నిటికంటే ఇష్టమైన భాగం. పాత తరంలో మిస్టీ మే ట్రెనర్, కెర్రీ వాల్ష్ జెన్నింగ్స్ 2004, 2008, 2012 మూడు ఒలింపిక్స్‌లోనూ గోల్డ్ కొట్టారు కదా, వాళ్లు కాలేజీలో ఆడింది ఇండోరే, మిస్టీ లాంగ్ బీచ్ స్టేట్‌లో, కెర్రీ స్టాన్‌ఫర్డ్‌లో. చదువు అయ్యాక బీచ్‌లోకి వచ్చి సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది, అంతకంటే దారి లేదు అప్పుడు. తర్వాతి తరం చూడండి, యూఎస్‌సీలో సారా హ్యూజ్, కెల్లీ క్లేస్ కలిసి వరసగా 103 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. 103 అండి, నేను రెండుసార్లు చదివాను ఆ నంబర్. తర్వాత కొన్నేళ్లు విడిపోయి వేరేవాళ్లతో ఆడి మళ్లీ కలిసి 2023లో మెక్సికోలో వరల్డ్ చాంపియన్లు అయ్యారు, పారిస్ ఒలింపిక్స్‌కీ వెళ్లారు. పారిస్‌కి వెళ్లిన ఇంకో అమెరికన్ జోడీ క్రిస్టెన్ నస్, టారిన్ క్లోత్, ఇద్దరూ లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)లో కలిసి ఆడినవాళ్లే. దాంట్లో టారిన్ కథ నాకు భలే నచ్చుతుంది, సౌత్ డకోటా అమ్మాయి, నెబ్రాస్కాలో క్రెయిటన్‌లో ఇండోర్ ఆడి డిగ్రీ అయిపోయాక బీచ్ నేర్చుకుందామని ఎల్‌ఎస్‌యూకి వెళ్లింది. 6 అడుగుల 4 అంగుళాల ఈమె పక్కన 5 అడుగుల 6 అంగుళాల క్రిస్టెన్, ఒకళ్లు బ్లాక్, ఒకళ్లు వెనకాల మొత్తం కోర్టు. కాలేజీల్లో ఈ ప్రోగ్రామే లేకపోతే ఆ ఇద్దరూ కలిసే అవకాశమే లేదు.

బయటి దేశాల పిల్లలకీ ఇదే దారి అయిపోయింది. లాత్వియా అమ్మాయి టీనా గ్రౌడినా యూఎస్‌సీలో ఆడింది, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. కెనడా కవలలు మేగన్, నికోల్ మెక్‌నమారా యూసీఎల్ఏ కప్పు గెలిచిన రెండేళ్లూ టీమ్‌లో ఉన్నారు. కాబట్టి మీరు ఫ్రీగా కాలేజీ గ్రౌండ్‌లో గట్టు మీద కూర్చుని చూస్తున్న అమ్మాయి రెండేళ్లలో ఒలింపిక్స్‌లో ఉండొచ్చు. ఇంత దగ్గరగా, పదడుగుల దూరంలో, ఈ లెవెల్ ఆట చూడనిచ్చే స్పోర్ట్ అమెరికాలో నాకు ఇంకోటి తెలియదు.

ఇక్కడిదాకా అయిదుకి అయిదు. ఇంక రెండున్నర సంగతి.

మేం వెళ్లిన కాలేజీల్లో ఒకటి ఉంది, పేరెందుకులెండి, ఆట చాలా బాగుంది, టీమ్ కూడా గట్టి టీమే. టికెట్ లేదు, రెగ్యులర్ సీజన్‌లో చాలా కాలేజీల్లో ఇంతే, ఊరికే వెళ్లి చూడొచ్చు, దానికి దండం. కానీ కూర్చోడానికి రెండు అల్యూమినియం బెంచీలు, నీడ అనేది లేదు, ఏప్రిల్ మధ్యాహ్నం ఆ బెంచీ మీద కూర్చుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. స్కోర్ చేత్తో తిప్పే అట్టలు, అవి కోర్టు వైపు తిప్పి ఉంటాయి గానీ మన వైపు కాదు. అయిదు కోర్టుల్లో ఏ కోర్టులో ఎంత స్కోరో, టీమ్ స్కోర్ ఎంతో చెప్పే ఒక్క పెద్ద బోర్డు లేదు. ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఫోన్‌లో లైవ్ స్టాట్స్ పేజీ తెరవాలి, అది ఆటకంటే మూడు పాయింట్లు వెనకపడి ఉంటుంది, పక్క కోర్టులో అమ్మాయిలు ఎగిరి గంతులేస్తున్నారు, నా ఫోన్‌లో ఇంకా 19-18. అనౌన్సర్ ఉన్నాడు పాపం, ఆయన మైక్ మ్యూజిక్ కింద మునిగిపోయింది. ఇంత డ్రామా ఉన్న ఫార్మాట్‌కి ప్రాణం టీమ్ స్కోరే, ఆ స్కోరే కనపడకపోతే ఎలా? కొత్తగా వచ్చినవాళ్లకి అయిదు చోట్ల ఎవరో ఆడుకుంటున్నట్టు ఉంటుంది తప్ప మ్యాచ్ జరుగుతున్నట్టే ఉండదు. మా ఆయన అరగంట చూసి ఇంతకీ ఎవరు గెలుస్తున్నారు అని అడిగాడు, నాకూ తెలియదు.

అదే ఇంకో కాలేజీలో, దీనికంటే చిన్న ప్రోగ్రామ్, ఒక డిజిటల్ బోర్డు పెట్టారు, అయిదు కోర్టుల స్కోర్లూ పక్కపక్కన, పైన టీమ్ స్కోర్ పెద్దగా. టెంట్లు వేశారు. కాలేజీ పిల్లలు స్కోర్ చూసుకుంటూ ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి గుంపుగా పరిగెత్తుతున్నారు. అదే ఆట, అనుభవం మాత్రం పూర్తిగా వేరు. పెద్ద ఖర్చు కూడా కాదు ఇది, ఎవరో ఒకళ్లు చూసేవాళ్ల వైపు నుంచి ఆలోచించారు, అంతే. లెక్కల కోసం పెట్టినచోటా మనసుపెట్టి పెట్టినచోటా తేడా అన్నాను కదా, నాకు ఆ బోర్డులోనే కనపడింది.

స్ట్రీమింగ్ గురించి మాట్లాడితే బీపీ పెరుగుతుంది. నేను చూసిన రెగ్యులర్ సీజన్ స్ట్రీముల్లో చాలావరకు ఒక్కో కోర్టుకి ఒక్కో కెమెరా, కదలదు, వెనక ఎత్తు నుంచి పెడతారు, కామెంటరీ ఉంటే ఉంటుంది లేకపోతే గాలి హోరు. అయిదు కోర్టులకి అయిదు లింకులు ఇచ్చి మీరే చూసుకోండి అంటారు. అయిదు విండోలు తెరుచుకుని కూర్చున్న రోజులు ఉన్నాయి మా ఇంట్లో, మా అమ్మాయి ఒక ల్యాప్‌టాప్, నేను ఒక ఐప్యాడ్. చాంపియన్‌షిప్ మాత్రం వేరు, దాన్ని ఈఎస్‌పీఎన్ చానళ్లలో వేస్తారు, ప్రొడక్షన్ బాగుంటుంది, కోర్టు నుంచి కోర్టుకి తీసుకెళ్తారు, కీలకమైన పాయింట్లకి స్క్రీన్ విడగొట్టి చూపిస్తారు. కొత్తగా చూసేవాళ్లు ఎవరైనా మొదట దాంతోనే మొదలుపెట్టండి, ఫార్మాట్ అర్థమైపోతుంది. తర్వాత నేరుగా వెళ్లి చూస్తే తలనొప్పి రాదు.

ఇంకో గందరగోళం కాన్ఫరెన్సులు, అంటే సీజన్‌లో తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులు. 2024లో పాత పాక్-12 చెదిరిపోయి యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కి వెళ్లిపోయాయి కదా, ఆ బిగ్ టెన్‌లో బీచ్ వాలీబాల్ లేదు. అందుకని ఆ రెండు టీములూ బీచ్ కోసం మాత్రం మౌంటెన్ పసిఫిక్ అనే వేరే సమాఖ్యలో ఆడుతున్నాయి. అన్నేళ్లు కప్పులు పంచుకున్న టీములకి సొంత కాన్ఫరెన్స్‌లో కోర్టు లేదు అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మామూలు ఫ్యాన్‌కి ఎవరు ఎవరితో ఎక్కడ ఆడతారో కనుక్కోవడమే ఒక పని అయిపోయింది.

పిల్లల్ని ఈ దారిలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకి డబ్బుల సంగతి కూడా చెప్పాలి, నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. మొన్నటిదాకా డివిజన్ వన్‌లో ఒక టీమ్ మొత్తానికి ఇవ్వగలిగింది 6 స్కాలర్‌షిప్‌లే, వాటిని ముక్కలు చేసి పదిహేను మందికి పైగా పంచేవారు, కాబట్టి ఫుల్ స్కాలర్‌షిప్ అంటే చాలా అరుదు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న హౌస్ సెటిల్‌మెంట్ (ప్లేయర్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ) తర్వాత ఆ పరిమితి పోయింది, దాంట్లో చేరిన కాలేజీలకి ఇప్పుడు టీమ్‌లో మనుషుల సంఖ్య మీదే పరిమితి, బీచ్‌కి 19 మంది. కాలేజీ తల్చుకుంటే 19 మందికీ ఇవ్వొచ్చు. తల్చుకుంటే అన్న మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే అదే ఒప్పందం ప్రకారం కాలేజీలు ప్లేయర్లకి నేరుగా డబ్బులు పంచొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా, ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కీ మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కీ పోతుందని అందరికీ తెలిసిందే. మిగిలిన దాంట్లో బీచ్‌కి ఎంత వస్తుంది అనేది కాలేజీని బట్టి. విజిట్‌కి వెళ్లినప్పుడు కోర్టులు, జిమ్, లాకర్ రూమ్ చూపిస్తారు, చూడండి, కానీ 19 మందిలో ఎంతమందికి స్కాలర్‌షిప్ ఉంది అని మొహమాటం లేకుండా అడగండి. మనవాళ్లు అడగరు, అదే సమస్య.

డ్రెస్ గురించి కూడా అడుగుతారు, ముఖ్యంగా అమ్మమ్మలు, నానమ్మలు. అంతర్జాతీయ సమాఖ్య 2012లోనే షార్ట్స్, స్లీవ్స్ వేసుకోవచ్చని రూల్ సడలించింది. కాలేజీ మ్యాచ్‌ల్లో చలిరోజుల్లో లెగ్గింగ్స్, ఫుల్ హ్యాండ్స్ వేసుకుని ఆడినవాళ్లని చాలామందిని చూశా. నిజం చెప్పాలంటే పది నిమిషాలు ఆట చూశాక ఎవరికీ డ్రెస్ గుర్తుండదు, మా అత్తగారే అయిదో కోర్టు అమ్మాయిని చూసి ఎంత చక్కగా దూకిందో చూడు అన్నారు.

ఇక అబ్బాయిలకి ఎన్‌సీఏఏలో బీచ్ వాలీబాల్ లేదు, కాబట్టి కొడుకులున్నవాళ్లు నన్ను అడగకండి, నా దగ్గర జవాబు లేదు.

వెళ్లేవాళ్లకి నా సలహాలు కొన్ని. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లు ఎక్కువ, కూర్చోడానికి ఒక మందపాటి తువ్వాలు, ఆ అల్యూమినియం సంగతి గుర్తుంది కదా. ఇసుకలోకి దిగాల్సి వస్తుంది, పాత చెప్పులు వేసుకోండి. ఒకే రోజు మూడు నాలుగు కాలేజీలు కలిసి ఆడే టోర్నమెంట్ వారాంతం ఎంచుకోండి, ఒక్క ప్రయాణానికి నాలుగైదు డ్యూయల్స్, అంటే కాలేజీ మీద కాలేజీ పోటీలు, చూడొచ్చు. అందరూ ఒకటో కోర్టు దగ్గర చేరతారు, మీరు మూడో కోర్టు, నాలుగో కోర్టు మధ్య ఎక్కడైనా కూర్చోండి. స్టార్ల ఆట ఎలాగూ యూట్యూబ్‌లో దొరుకుతుంది, మ్యాచ్ తేలేది మాత్రం ఎక్కువసార్లు ఆ వైపే. బ్లీచర్ల చివర పెద్దాయన ఎవరైనా మడత కుర్చీ తెచ్చుకుని కూర్చుని కనపడితే ఆయన పక్కన చోటు దొరుకుతుందేమో చూడండి.